ఎల్లారెడ్డిగూడ నుంచి బెర్లిన్ దాకా

స్వతంత్ర సినిమాకు పెట్టుబడి తక్కువ, తారలుండరు, పండగ విడుదల దొరకదు. సొంత రాష్ట్రంలో తెగే టికెట్ల మీదే బతకడం దానికి కష్టం. కాబట్టి బయటి ప్రేక్షకుడు, బయటి ఉత్సవం, బయటి కొనుగోలుదారు కావాలి. పెద్ద సినిమా దగ్గర లేనిది ఏదైనా దాని దగ్గర ఉందంటే అది స్థానికతే: ఒక ఊరి మాటతీరు, ఒక కులవృత్తి, ఒక భూమి తగాదా, ఒక దొర గడీ వాకిలి. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయని సాధారణంగా అనుకుంటారు. విదేశీయుడికి అర్థం కావాలంటే ఊరిని కొంత పలుచన చేయాలనీ, ఊరికి నిజాయితీగా ఉంటే ఊళ్లోనే ఉండిపోవాలనీ వాదిస్తారు. సికింద్రాబాద్‌లోను, దాని చుట్టుపక్కల తెలంగాణ పల్లెల్లోను యాభై ఏళ్లుగా తయారైన సినిమాలను వరసగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. ఇక్కడి నుంచి దూరం వెళ్లిన సినిమాలు ఊరిని తగ్గించుకొని వెళ్లినవి కావు. వాటిని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది విదేశీ తెర కాదు, ఇంటి దగ్గరి తెర.

శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబర్ 14న సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని తిరుమలగిరిలో పుట్టారు. తండ్రి శ్రీధర్ బెనెగల్ కర్ణాటక నుంచి వచ్చి స్థిరపడిన ఫొటోగ్రాఫర్. ఇంట్లో కొంకణి, బజారులో తెలుగు, దక్కనీ ఉర్దూ, పటాలం వాళ్ల మధ్య ఇంగ్లిష్. కంటోన్మెంట్ గ్యారిసన్ థియేటర్‌కు వచ్చే విదేశీ చిత్రాలన్నీ ఆయన చిన్నతనంలోనే చూశారు. ప్రొజెక్టర్ నడిపే మనిషితో స్నేహం చేసి మరీ చూశారు. పన్నెండేళ్ల వయసులో తండ్రి కెమెరాతో పిల్లల సెలవుల మీద ఒక చిన్న సినిమా తీశారు. మహబూబ్ కాలేజీలో, ఆ తర్వాత నిజాం కాలేజీలో చదివారు. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేశారు. ఈత పోటీలకు కలకత్తా వెళ్లినప్పుడు సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ చూశారు. హైదరాబాద్‌లో ఫిల్మ్ సొసైటీ పెట్టడంలో ముందున్నారు. ఒక్క భాషలో పెరగని కుర్రవాడికి తన చుట్టూ ఎవరు ఏ భాషలో ఎవరితో ఎలా మాట్లాడతారన్నది సహజంగానే చెవిన పడుతుంది. తర్వాతి రోజుల్లో ఆయన సినిమాలకు ఆ వినికిడే మూలధనమైంది.

‘అంకుర్’ కథను బెనెగల్ విద్యార్థి దశలోనే రాసుకున్నారు. దానికి నిర్మాత దొరకడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఆయన బొంబాయి వెళ్లి ప్రకటనల సంస్థలో రాతపని చేశారు, వందల కొద్దీ ప్రకటన చిత్రాలు తీశారు. చివరికి డబ్బు పెట్టింది బ్లేజ్ అనే సంస్థ. సినిమా హాళ్లలో ప్రకటన చిత్రాలు వేయించడం ఆ సంస్థ వ్యాపారం. 1974లో వచ్చిన ‘అంకుర్’ను ఎల్లారెడ్డిగూడ గ్రామంలో, స్టూడియో సెట్లు లేకుండా, గోవింద్ నిహలానీ కెమెరాతో చిత్రించారు. అనంత్ నాగ్, షబానా ఆజ్మీలకు హిందీ తెర మీద అదే తొలి పరిచయం.

కథ చిన్నదే. చదువు ఒంటబట్టని భూస్వామి కొడుకు సూర్యను తండ్రి పొలం చూసుకోమని పల్లెకు పంపుతాడు. ఇంటి పని చేసే లక్ష్మి దళిత స్త్రీ. ఆమె భర్త కిష్టయ్య చెవిటి, మూగ. వృత్తి కుండలు చేయడం. ఊళ్లోకి అల్యూమినియం గిన్నెలు వచ్చాక అతని కుండలు కొనేవాళ్లు లేరు. పని లేక తాగుడు పెరిగింది. కల్లు దొంగిలిస్తూ దొరికితే గుండు గీసి గాడిద మీద ఊరేగిస్తారు. ఆ అవమానంతో అతను ఊరు విడిచిపోతాడు. లక్ష్మి చేత్తో చేసిన టీ సూర్య తాగడం ఊరికి వార్త అవుతుంది. ఒక్క గిన్నె మారితే ఒక వృత్తి ఎలా పోతుందో, ఒక కప్పు టీలో ఎంత కులం ఉందో ఈ సినిమా ఉపన్యాసం ఇవ్వకుండా చూపుతుంది. చివర కిష్టయ్య తిరిగి వస్తాడు. భార్య గర్భవతి అని తెలిసి, పని అడుగుదామని సంతోషంగా దొర ఇంటికి వెళతాడు. పగ తీర్చుకోవడానికి వస్తున్నాడనుకొని సూర్య అతన్ని కొరడాతో కొడతాడు. అంతా చూసిన ఒక చిన్న పిల్లవాడు రాయి విసిరి ఆ ఇంటి కిటికీ అద్దం పగలగొడతాడు. బెర్లిన్ చలనచిత్రోత్సవం పోటీ విభాగంలో ఈ సినిమాను చూసినవాళ్లకు పోలీసు పటేల్ ఎవరో, పట్వారీ ఎవరో ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆ పదవుల అధికారం ఎంతటిదో వాళ్లకు మనుషులు నిలబడే తీరులోనే తెలిసిపోయింది. షబానాకు, కిష్టయ్యగా నటించిన సాధూ మెహర్‌కు ఆ ఏడు జాతీయ ఉత్తమ నటి, నటుడు అవార్డులు వచ్చాయి.

అయితే ‘అంకుర్’ చేసుకున్న సర్దుబాటు ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. తెలంగాణ పల్లెలో లక్ష్మి లాంటి స్త్రీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. సినిమాలో ఆమె మాట్లాడేది దక్కనీ యాస హిందీ. సత్యదేవ్ దూబే రాసిన ఆ సంభాషణలు బొంబాయి సినిమా హిందీ కావు, ఆ పల్లె తెలుగూ కావు. హైదరాబాద్ సంస్థానంలో తెలుగువాళ్లు ఉర్దూ మాట్లాడవలసి వచ్చినప్పుడు పలికిన తీరుకు అవి దగ్గర. దానివల్ల దేశవ్యాప్త విడుదల సాధ్యమైంది, ఊరి వాసన కూడా పూర్తిగా పోలేదు. పోయిందల్లా ఆ ఊరి ప్రేక్షకుడు. తమ బతుకు తెర మీదికి వచ్చిన మనుషులు దాన్ని వేరే భాషలో చూడవలసి వచ్చింది. ఇది చిన్న మూల్యం కాదు. ఆ కాలంలో ఇంకో దారి ఉందా అంటే, అప్పటి తెలుగు పరిశ్రమ మద్రాసులో ఉంది, దాని తెరకెక్కే భాష ఎక్కువగా కోస్తా జిల్లాలది. తెలంగాణ మాట హాస్యపాత్రకో, రౌడీకో మిగిలింది. ఆ పరిస్థితిలో దక్కనీని ఎంచుకోవడం అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే.

బెర్లిన్ ప్రతిష్ఠ కంటే బ్లేజ్ వ్యాపారం ఈ సినిమాకు ఎక్కువ మేలు చేసిందని చెప్పాలి. ప్రకటనల వల్ల ఆ సంస్థకు దేశమంతటా హాళ్ల యజమానులతో లావాదేవీలుండేవి. తారలు లేని సినిమాను ప్రదర్శనకారుడి దగ్గరికి తీసుకెళ్లగల మనిషి ఉండటమే అసలు అదృష్టం. లక్షల్లో తీసిన సినిమా పెట్టుబడికి ఎన్నో రెట్లు రాబట్టింది. వెంటనే వచ్చిన ‘నిశాంత్’ 1940ల నాటి తెలంగాణలో దొర తమ్ముళ్లు బడిపంతులు భార్యను ఎత్తుకుపోయిన కథ. విజయ్ తెందూల్కర్ రాసిన ఆ సినిమా 1976లో కాన్ పోటీ విభాగానికి వెళ్లింది. ఆ ఏడే వచ్చిన ‘మంథన్’ను గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకొని నిర్మించారు. ఆ రైతులే దాని మొదటి ప్రేక్షకులయ్యారు. ఎవరి కథో వాళ్ల డబ్బు, ఎవరి డబ్బో వాళ్ల చూపు. ఈ ఏర్పాటు భారత స్వతంత్ర సినిమాలో చాలా అరుదుగా కుదిరింది.

దాన్నే తెలంగాణకు తెచ్చే ప్రయత్నం ‘సుస్మన్’. పోచంపల్లి ఇక్కత్ నేతగాళ్ల మీద చేనేత సహకార సంస్థల సొమ్ముతో 1987లో తీశారు. రాములు పాత్ర కోసం ఓం పురి మగ్గం పని నేర్చుకున్నారు. అది తెరమీద కనిపిస్తుంది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి ఒంటి కదలికకు, నాడె విసిరే చేతికి, కళ్లకు పొంతన కుదరకపోతే నేత తెలిసిన ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు. ఇక్కత్‌లో నూలును ముందే కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు కాబట్టి పొరపాటు మగ్గం మీద దిద్దుకునేది కాదు. రాములు పట్టుకు ప్యారిస్ ప్రదర్శన నుంచి పిలుపు వస్తుంది. అదే రాములు కూతురి పెళ్లి చీర కోసం కొంత పట్టు పక్కన పెట్టుకుంటే దొంగతనమవుతుంది. స్థానిక పనితనం అంతర్జాతీయ సరుకైనప్పుడు లాభం ఎవరికి, పేరు ఎవరికి అన్న ప్రశ్నను ఒక సినిమా ఇంత సూటిగా వేయడం విశేషం. ఆ ప్రశ్న నేతగాడికే కాదు, ఆ సినిమాకూ వర్తిస్తుంది. బెనెగల్ సినిమాల్లో ‘సుస్మన్’కు రావలసినంత పేరు రాలేదు.

ఆయన ఒకే ఒక్కసారి తెలుగులోకి వచ్చారు: 1978లో ‘కొండూరా’ హిందీ సినిమాతో పాటు వాణిశ్రీ, అనంత్ నాగ్‌లతో తీసిన ‘అనుగ్రహం’. చాలా ఏళ్ల తర్వాత ‘వెల్‌డన్ అబ్బా’లో మళ్లీ హైదరాబాద్ దగ్గరి పల్లెకు వచ్చారు. ప్రభుత్వ పథకం కింద కాగితాల మీద తవ్విన బావి కనిపించడం లేదని పోలీసు ఫిర్యాదు ఇచ్చే డ్రైవరు కథ అది. దాని వెనక హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానో కథ ఉంది.

ఇక్కడే పుట్టిన దర్శకుడు, దక్కనీ హిందీ: బెనెగల్‌ది మొదటి దారి. రెండో దారి బయటి దర్శకుడు, తెలుగు భాష. మృణాల్ సేన్ 1977లో తీసిన ‘ఒక ఊరి కథ’కు మూలం ప్రేమ్‌చంద్ ‘కఫన్’. ఉత్తరాది కథను తెలంగాణకు తెచ్చారు. నిర్మాత ఎ.పరంధామరెడ్డి. సంభాషణలు యండమూరి వీరేంద్రనాథ్‌వి. ముఖ్యపాత్ర వెంకయ్యగా కన్నడ నటుడు వాసుదేవరావు, కోడలిగా బెంగాలీ నర్తకి మమతా శంకర్. ఇందరు బయటివాళ్లతో స్థానికత ఎలా నిలుస్తుందన్న అనుమానం రావచ్చు. సేన్ దాన్ని భాషలో కంటే పనిలో వెతికారు. వెంకయ్య పని చేయడు, ఎందుకంటే చేసిన పని ఫలం దొరకే పోతుందని అతనికి తెలుసు. ఆ మొండితనంలో కోడలు ప్రసవ వేదనతో చనిపోతున్నా కదలడు. వెట్టి చూసిన ప్రాంతానికి ఆ తర్కం కొత్తది కాదు. ఈ సినిమాకు జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు, కార్లొవీ వారీ ఉత్సవంలో గుర్తింపు వచ్చాయి.

‘మా భూమి’ మాత్రం వేరు. నిర్మాతలు బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్, డాక్యుమెంటరీలు తీస్తున్న బెంగాలీ యువకుడు. ఆధారం తెలంగాణ సాయుధ పోరాటం మీద కృష్ణచందర్ రాసిన ఉర్దూ నవల. అంటే ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, తెలుగు సినిమా. మెదక్ జిల్లా మంగళపర్తిలో చిత్రీకరణ. సాయిచంద్, కాకరాల, తెలంగాణ శకుంతల లాంటి నటులతో పాటు గద్దర్ స్వయంగా తెరమీద ఒక పాట పాడారు. ఆ పాట సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టింది. 1980 మార్చి 23న విడుదలైన ఈ సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటలుగా నెలల తరబడి ఆడింది. తెలంగాణ మాట నవ్వు కోసం కాక నాయకుడి నోట, పూర్తి గౌరవంతో వినిపించడం చాలామంది ప్రేక్షకులకు అదే మొదటిసారి. పోరాటం చూసిన పెద్దలు, దాని గురించి విని పెరిగిన పిల్లలు ఒకే వరసలో కూర్చుని చూశారు. ఉత్సవాలకు వెళ్లే సినిమా, జనం చూసే సినిమా వేరువేరని నమ్మేవాళ్లు ‘మా భూమి’ని లెక్కలోకి తీసుకోలేదని అనుకోవాలి. అది రెండు చోట్లా నిలిచింది, పైగా ఇంటి దగ్గరే ఎక్కువగా నిలిచింది.

ఆ సినిమా నిర్మాతగా నేర్చుకున్నదాన్ని నర్సింగరావు దర్శకుడై ‘రంగుల కల’, ‘దాసి’, ‘మట్టి మనుషులు’లో పెట్టారు. 1988 నాటి ‘దాసి’ ఈ మొత్తం చర్చలో కీలకమైన సినిమా. 1920ల నాటి గడీలో పెళ్లికూతురితో పాటు అరణంగా వచ్చిన దాసి కమలాక్షి కథ. మాటలు చాలా తక్కువ. ఊడ్చడం, నీళ్లు తోడటం, దీపాలు వెలిగించడం, దొర పిలుపు కోసం గుమ్మం పక్కన నిలబడటం, వీటి మధ్యే ఆమె రోజు గడుస్తుంది. దొర వల్ల వచ్చిన గర్భాన్ని దొరసాని ఆజ్ఞతో తీయించేస్తారు. ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చన, ఛాయాగ్రాహకుడు అపూర్వ కిశోర్ బీర్, కళా దర్శకుడు తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. ఈ జాబితాలో చివరి రెండు పేర్ల దగ్గర ఆగాలి. వైకుంఠం కరీంనగర్ ప్రాంతపు పల్లె స్త్రీలను జీవితాంతం గీసిన చిత్రకారుడు. చీర కట్టు, బొట్టు పరిమాణం, గోడ రంగు, ఇత్తడి పాత్రల వరస ఆయనకు పరిశోధించి తెలుసుకోవలసిన విషయాలు కావు. 1989లో మాస్కో ఉత్సవంలో చూసినవాళ్లకు ఆ చీర ఏ ప్రాంతానిదో తెలియదు. కానీ అక్కడి ప్రతి వస్తువూ ఎవరో రోజూ వాడినదేనన్న నమ్మకం మాత్రం కలుగుతుంది. స్థానికత విదేశానికి చేరేది ఇలా, నమ్మకం రూపంలో.

మూడో దారి తిరిగొచ్చిన ప్రవాసులది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసిన నాగేష్ కుకునూర్ సొంత సంపాదనతో, 17 రోజుల్లో, 17 లక్షల రూపాయలకు తీసిన ‘హైదరాబాద్ బ్లూస్’ 1998లో వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత అమెరికా నుంచి ఇంటికొచ్చిన వరుణ్ అనే యువకుడికి పెళ్లి సంబంధాల గొడవ. మాటలు ఎక్కువగా ఇంగ్లిష్, మధ్యలో తెలుగు, హైదరాబాదీ హిందీ. జంటనగరాల మధ్యతరగతి ఇళ్లలో ఒకే వాక్యంలో మూడు భాషలు కలవడం మామూలే కాబట్టి ఇక్కడ ఇంగ్లిష్ సర్దుబాటు కాలేదు, అదే స్థానిక భాష అయింది. తెలుగు సినిమా అంటే పల్లె, తెలంగాణ అంటే గడీ అన్న అలవాటును ఈ సినిమా విరిచింది. నగరవాసి కూడా స్థానికుడేనని పెద్ద నగరాల్లో మల్టీప్లెక్సులు విస్తరించకముందే గుర్తుచేసింది.

రజనీష్ దోమలపల్లి ‘వనజ’ ఇంకో తీరు. కొలంబియా విశ్వవిద్యాలయంలో పట్టా కోసం తీసిన సినిమా అది. 2006లో టొరంటోలో ప్రదర్శించారు, 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం అవార్డు వచ్చింది. మత్స్యకారుడి కూతురు జమీందారిణి ఇంట్లో పనికి చేరి కూచిపూడి నేర్చుకుంటుంది. ఆ ఇంటి కొడుకు ఆమె మీద అత్యాచారం చేస్తాడు. నటించినవాళ్లు అంతకుముందు కెమెరా ఎరగని మామూలు మనుషులు. వనజగా చేసిన బాలిక మమత భూక్యాకు నటన, నాట్యం రెండూ మొదటినుంచి నేర్పారు. అమెరికా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ మెచ్చిన సినిమా ఇది. అయినా సగటు తెలుగు ప్రేక్షకుడిని దాని పేరు అడిగితే జవాబు రావడం కష్టం. ఊరివాళ్లే నటించినంత మాత్రాన ఊరికి చేరదు. చేర్చే మనిషి వేరుగా కావాలి.

అలాంటి మనిషి దొరికితే ఏమవుతుందో ‘కేరాఫ్ కంచరపాలెం’ చూపింది. వెంకటేష్ మహా దర్శకుడు, అమెరికాలో హృద్రోగ వైద్యురాలైన పరుచూరి ప్రవీణ నిర్మాత. విశాఖ కంచరపాలెం వాసులే ఎక్కువమంది నటులు. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లింది. సురేష్ ప్రొడక్షన్స్ చేయి వేయడంతో 2018 సెప్టెంబర్ 7న థియేటర్లలోకి వచ్చి నిలబడింది. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో నేరుగా వచ్చిన ‘సినిమా బండి’లో ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు యాసను ఎవరూ సరిదిద్దలేదు. కింద అక్షరాలు పడే తెర కాబట్టి ఇక సరిదిద్దాల్సిన పనీ లేదు. ‘బలగం’ పెద్ద నిర్మాత అండతో వచ్చింది కనుక స్వతంత్ర సినిమా అనలేం. కానీ 2023లో తెలంగాణ పల్లెల్లో జనం రాత్రిళ్లు ఊరి మధ్య తెర కట్టుకొని దాన్ని చూశారు. స్థానిక సినిమాకు ప్రేక్షకులు లేరన్న మాటకు అదే సమాధానం. ప్రేక్షకులున్నారు. వాళ్ల దాకా వెళ్లే బండే లేదు.

విదేశీ గుర్తింపు విషయంలో రెండు పొరపాట్లు ఎక్కువయ్యాయి. ప్రవేశ రుసుము కట్టించుకొని నెలనెలా అవార్డులు పంచే ఆన్‌లైన్ పోటీలు బోలెడు పుట్టుకొచ్చాయి. పోస్టరు మీద ఆకుల గుర్తులు పెరగడం తప్ప వాటివల్ల ఒక్క ప్రదర్శనా రాదు. కొత్త దర్శకులు ఉన్న కాస్త డబ్బును వాటి మీద కాకుండా మంచి సబ్‌టైటిళ్ల మీద పెట్టడం మేలు. రెండో పొరపాటు దీనికి ఎదురు దిక్కుది: బయట పేరొస్తే లోపల అనుమానించడం. పాయల్ కపాడియా మలయాళం, హిందీ, మరాఠీల్లో తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రీ గెలిచింది. దాన్ని భారత్ తరఫున ఆస్కార్‌కు ఎంపిక చేయకపోవడాన్ని వివరిస్తూ, భారత్‌లో జరిగే యూరప్ సినిమాలా ఉందని జ్యూరీకి అనిపించిందని ఫిల్మ్ ఫెడరేషన్ అధ్యక్షుడు చెప్పారు. అది ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్‌ల భాగస్వామ్యంతో తీసిన సినిమా అన్నది నిజం. కానీ డబ్బు ఎక్కడిదన్న దానితో స్థానికత తేలదు. అలా తేలితే బొంబాయి డబ్బుతో తీసిన ‘అంకుర్’నూ, బెంగాలీ దర్శకుడి ‘మా భూమి’నీ మన లెక్కలోంచి తీసేయాలి. పనిచేసే చేతులు, కూర్చునే చోటు, ఎవరి ముందు ఎవరు మాట్లాడరన్నది సరిగా ఉన్నాయా లేదా అని చూడటమే సరైన కొలత.

సినిమా దూరం వెళ్లాలంటే ముందు అది బతికుండాలి. ఈ సంగతి అన్నిటికంటే తక్కువ చర్చకు వస్తుంది. 2024 మేలో ‘మంథన్’ కాన్ క్లాసిక్స్ విభాగంలో మళ్లీ ప్రదర్శితమైంది. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో మూల నెగటివ్ మిగిలి ఉండటం వల్ల, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దగ్గరున్న ప్రింటు నుంచి శబ్దం తీసుకోగలగడం వల్ల ఆ పునరుద్ధరణ సాధ్యమైంది. బెనెగల్, నిహలానీ దగ్గరుండి రంగులు చూసుకున్నారు. ఖర్చులో గుజరాత్ పాల సమాఖ్య భాగం పంచుకుంది, అంటే నిర్మించిన రైతుల సంస్థే దాదాపు యాభై ఏళ్లకు దాన్ని కాపాడుకుంది. జూన్‌లో దేశంలోని పలు నగరాల హాళ్లలో విడుదల చేశారు. ఆ ఏడు డిసెంబర్ 23న, తొంభై నిండిన తొమ్మిది రోజులకు, బెనెగల్ ముంబైలో కన్నుమూశారు. ‘ఒక ఊరి కథ’, ‘మా భూమి’, ‘దాసి’, ‘సుస్మన్’లకు కూడా ఇదే పని జరగాలి. నెగటివ్‌లు ఎక్కడున్నాయో వెతకడం, స్కాన్ చేయించడం, తెలుగు యాస తెలిసినవాళ్లతో కొత్త సబ్‌టైటిళ్లు రాయించడం, ముందుగా సిద్దిపేట, భువనగిరి, పోచంపల్లిలో వేయడం. ‘మంథన్’కు పాల సమాఖ్య ఉన్నట్టు వీటికి నేత సంఘాలు, గ్రంథాలయ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర ప్రభుత్వం ఉన్నాయి.